పర్లాకిమిడి నుంచి పిల్లలతో సముద్రానికి: పూరీ వదిలేయండి, గోపాల్‌పూర్‌లో దిగండి

మీరు అడిగింది ఇదీ: పర్లాకిమిడి నుంచి సొంత కారులో, నాలుగేళ్ల పాప, ఏడాదిన్నర బాబు, మీ అమ్మగారితో కలిసి, దసరా సెలవుల్లో మూడు రోజులు సముద్రం పక్కనే డ్రైవ్ చేసుకుంటూ పూరీ దాకా వెళ్లి రావాలి. దారి ఎలా, ఎక్కడ ఆగాలి, పిల్లలు తట్టుకుంటారా.

నేను బరంపురంలో ఉంటాను. పంతొమ్మిదేళ్లుగా టూరిస్ట్ కారు నడుపుతున్నాను. బండి ఎక్కేవాళ్లలో సగం మంది చంటిపిల్లలున్నవాళ్లే. నా ఇద్దరు పిల్లలూ ఇదే రోడ్డు మీద వాంతులు చేసుకుంటూ పెద్దవాళ్లయ్యారు.

ముందు మీకు నచ్చని మాట ఒకటి చెప్పేస్తాను. మీరు అనుకుంటున్న రోడ్డు ఇక్కడ లేదు. విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు చూసినవాళ్లు ఇక్కడా అలాగే కిటికీలోంచి కెరటాలు కనిపిస్తాయనుకుంటారు. 16వ నంబరు జాతీయ రహదారి టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం, బరంపురం, ఛత్రపురం మీదుగా వెళ్తుంది కానీ సముద్రాన్ని చూపించదు. ఎడమవైపు దూరంగా కొండలు, కుడివైపు కొబ్బరి, జీడిమామిడి, వరి. సముద్రం ఆ తోటల వెనక, కొన్ని కిలోమీటర్ల అవతల. ప్రతి చోటా హైవే దిగి, ఊళ్లలోంచి సన్నటి రోడ్డు మీద వెళ్లి చూసి, మళ్లీ వెనక్కి రావాల్సిందే. హైవే పక్కనే నీళ్లు కనిపించేది ఒక్క చిలికా సరస్సు దగ్గర. దాని ఒడ్డున రంభ అనే ఊరు దాటాక కొండ, రైలు పట్టాలు, రోడ్డు, సరస్సు నాలుగూ ఒకదానికొకటి ఒరుసుకుంటూ వెళ్తాయి.

కాబట్టి మీ ప్రయాణం ఒక పొడుగాటి గీత కాదు. హైవే మీంచి అటూ ఇటూ దిగి ఎక్కే చిన్నచిన్న ముక్కలు. పిల్లలతో ఇలాంటి ముక్కలు రోజుకి రెండు చేయగలరు, మూడోది చేస్తే ఏడుపే.

ఇప్పుడు లెక్క చూడండి. పర్లాకిమిడి నుంచి పాతపట్నం, టెక్కలి మీదుగా, బరంపురం పక్కన సముద్రం ఒడ్డున ఉన్న గోపాల్‌పూర్ సుమారు 170 కిలోమీటర్లు. పెద్దవాళ్లం అయితే నాలుగు గంటలు. మీకు ఆరు గంటలు పడుతుంది, అది కూడా అంతా బాగుంటే. పూరీ అక్కడి నుంచి ఇంకో 170 కిలోమీటర్లకు పైనే. మూడు రోజుల్లో పూరీ వెళ్లి రావడమంటే రోజంతా కారులో, సాయంత్రం గుడి దగ్గర క్యూలో, మర్నాడు మళ్లీ కారులో. బాబు ఎవరి చేతుల్లో ఏడుస్తున్నాడో తప్ప మీకు ఇంకేం గుర్తుండదు. పూరీకి ఇంకోసారి రైల్లో వెళ్లండి, చిలికా రైలు కిటికీలోంచి కూడా కనిపిస్తుంది. ఈసారి గోపాల్‌పూర్‌లో రెండు రాత్రులు ఉండి, మధ్య రోజు రంభకి వెళ్లి రండి. రెండు రాత్రులూ ఒకే మంచం మీద పడుకుంటే చంటిబిడ్డకి నిద్ర కుదురుతుంది. బిడ్డ నిద్రపోతేనే మీకూ ట్రిప్పు.

దసరాకి వద్దు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న. హుద్‌హుద్ విశాఖ మీద పడింది 2014 అక్టోబరు 12న. తిత్లీ పలాస వైపు వచ్చింది 2018 అక్టోబరు 11న, దానికి మీ గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి ఊళ్ల మీద పడిన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అక్టోబరు రెండో వారానికి, ఈ తీరానికి ఏదో పాత పగ ఉంది. ఆ రోజుల్లోనే మనకి సెలవులు. నవంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి దాకా ఎప్పుడైనా రండి, సంక్రాంతి రోజులు మాత్రం వదిలేయండి. చిలికాలో కాళీజాయి గుడికి మకర మేళా జనం వస్తారు, పడవ కూడా దొరకదు. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున పొలాల మీద మంచు దట్టంగా ఉంటుంది. పిల్లలు నిద్రలో ఉండగా నాలుగింటికే బయలుదేరదాం అనుకుంటారు అందరూ. ఆ టైంలో వెలుగుల్లేని ట్రాక్టరు ముందుంటే పది అడుగుల దాకా కనపడదు. ఏడు గంటలకి ఇడ్లీ తినిపించి బయలుదేరండి.

దారి గురించి. మీకు రెండున్నాయి. ఆర్. ఉదయగిరి, మోహన, తప్తపాణి మీదుగా ఘాట్ రోడ్డు ఒకటి, టెక్కలి మీదుగా మైదానం ఒకటి. ఘాట్ అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ వెళ్లేటప్పుడు టెక్కలి దారే. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలకే మలుపుల్లో ఎక్కువ తిప్పుతుంది. మీ పాప సరిగ్గా ఆ వయసులో ఉంది, బాబుకి అంత ఉండకపోవచ్చు. పాప చేతికి ఫోన్ ఇవ్వకండి. కళ్లు ఫోన్ మీద ఉంటే, ఒళ్లు మలుపు తిరుగుతుంటే, కడుపు ఊరుకోదు. దూరంగా కొండని చూడమనండి, కిటికీ కాస్త దించండి. రెండేళ్లలోపు పిల్లలకి ప్రొమెథజీన్ ఉన్న వాంతుల మందు ఇవ్వకూడదు, ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. పాపకి కూడా పిల్లల డాక్టరుని అడిగి, ఎంత డోసో రాయించుకున్నాకే. పక్కింటివాళ్లు చెప్పిన మాత్ర పనికిరాదు. డోరు పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బా, మూతతో సహా పెట్టుకోండి. కవర్లకి కన్నాలుంటాయి, అది నేను సీటు కవర్లు మార్చాక నేర్చుకున్నాను.

ఇక కారు సీటు. మీ అమ్మగారు బాబుని ఒళ్లో పెట్టుకుంటానంటారు. మా అమ్మా అదే అనేది, "నా చేతుల్లోంచి ఎక్కడికి పోతాడురా" అని. అరవైలో వెళ్తూ దేన్నైనా గుద్దితే పది కిలోల బిడ్డ ఎన్నో రెట్ల బరువుతో ముందుకు దూకుతాడు, ఏ చేతులూ ఆపలేవు. పెద్దావిడ బెల్టు పెట్టుకోకపోతే ఆవిడ బరువు కూడా బిడ్డ మీదే పడుతుంది. బాబుకి వెనక్కి తిరిగి ఉండే సీటు, పాపకి ముందుకు తిరిగిన సీటు, రెండూ వెనక సీట్లోనే. 14 ఏళ్లలోపు పిల్లల్ని బెల్టుతోనో పిల్లల సీటుతోనో కట్టకుండా తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా అని 2019లో మోటారు వాహనాల చట్టంలో 194బి సెక్షన్ కూడా చేర్చారు. జరిమానా సంగతి అటుంచండి. సీటుని ట్రిప్పు రోజు కాదు, రెండు వారాల ముందే బిగించి, రోజూ బజారుకి వెళ్లేటప్పుడు కూర్చోబెట్టండి. కొత్త సీటు, కొత్త రోడ్డు ఒకే రోజు అయితే బాబు టెక్కలి దాకా ఆపకుండా ఏడుస్తాడు, మీ అమ్మగారు తీసి ఒళ్లో పెట్టుకుంటారు, మళ్లీ మొదటికే వస్తాం.

ఏ పక్క సీటు అని ఎవరూ అడగరు, నేను చెప్తాను. బాబు సీటు ఎడమవైపు బిగించండి. టెక్కలి నుంచి ఈశాన్యంగా వెళ్తుంటే పొద్దుటి ఎండంతా కుడివైపు కొడుతుంది. పైగా ఎడమ డోరు రోడ్డు అంచు వైపు తెరుచుకుంటుంది, లారీల వైపు కాదు. మీ అమ్మగారిని ఇద్దరి మధ్య ఇరికించకండి, ముందు సీటు ఇచ్చి, మీ ఆవిడ వెనక కూర్చుంటే మంచిది. పెద్దావిడకి దారి కనిపిస్తుంది, ఆవిడకీ తిప్పదు.

మొదటి ఆగుడు టెక్కలి దగ్గర తేలినీలాపురం. నౌపడా వైపు చిన్న ఊరు. చలికాలమంతా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టుకుని ఉంటాయి. చిలికాలోని నలబాణ దీవిలో లక్షల పక్షులుంటాయని అందరూ అక్కడికి పరిగెడతారు. నాలుగేళ్ల పిల్లకి అర కిలోమీటరు దూరంలో నీళ్ల మీద నల్లచుక్కలు లక్షున్నా ఒకటే, పదున్నా ఒకటే. ఇక్కడ తల పైకెత్తితే చాలు, పిల్ల నోట్లోకి చేప పెడుతున్న తల్లి పక్షి కనిపిస్తుంది. నా బండిలో వచ్చిన పిల్లలు ఇంటికెళ్లాక చెప్పుకునేది దీని గురించే అని వాళ్ల నాన్నలు ఫోన్ చేసి చెప్పారు. అరగంట చాలు. చెట్ల కింద నిలబడేటప్పుడు నెత్తిన టోపీ ఉండాలి, ఎందుకో చెప్పక్కర్లేదు.

పలాసలో జీడిపప్పు కొంటారు, కొనకుండా ఎవరూ రారు. ప్యాకెట్టు డిక్కీలో పెట్టేయండి. బాబుకి గుండు జీడిపప్పు, వేరుశెనగ కదిలే కారులో అస్సలు వద్దు, పాపకి కూడా వద్దు. గొంతులో అడ్డం పడితే డ్రైవింగులో ఉన్న మీకు అద్దంలో తెలియదు కూడా. మందస కోవా మాత్రం పెట్టొచ్చు, కానీ ఒక్క ముక్క. కడుపు నిండా కోవా తిన్న పిల్ల సోంపేట దాటేలోపు ఏం చేస్తుందో నాకు అనుభవమే. దారిలో తినడానికి మరమరాలు, అరటిపండు, ఇంటి నుంచి తెచ్చిన పెరుగన్నం. ఏ ఢాబాలోనూ రెండేళ్లలోపు బిడ్డకి సరిపడే కారం లేని కూర దొరకదు, అన్నం, పప్పు అడిగి నెయ్యి మీదే వేసుకోండి.

మొదటి సముద్రం బారువ దగ్గర చూపించేయండి. సోంపేట వైపు హైవే దిగితే వస్తుంది. పాత ఓడరేవు, లైట్‌హౌస్, కొబ్బరి చెట్లు, మామూలు రోజుల్లో జనం పలచగా ఉంటారు. రోడ్డు అయిపోయిన చోటే కారు ఆపండి. ఇసుకలో ఇంకో పది గజాలు వెళ్దాం అనుకున్నవాళ్ల కార్లు నేను తాళ్లు కట్టి లాగాను. వరి కోతల రోజుల్లో ఈ ఊరి రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, పక్కన ముసలాయనో మేకో ఉంటుంది, నెమ్మదిగా తప్పుకుని వెళ్లాలి. ఆ మేకే మీ పాపకి ఆ రోజు పెద్ద విశేషం అయితే ఆశ్చర్యపోకండి, ఆగి చూపించండి. బహుదా నది దాటిన తర్వాత సోనాపూర్ బీచ్ కూడా ఉంది కానీ మొదటి రోజుకి అది ఎక్కువ.

బరంపురంలో ఆగి మందులు, డైపర్లు కొనుక్కోండి. ఊరంతా తెలుగు నడుస్తుంది, షాపుల్లో మొహమాటం అక్కర్లేదు. ఏదైనా అనారోగ్యం అయితే ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఇక్కడే ఉంది, గోపాల్‌పూర్ నుంచి అరగంట. ఛత్రపురం దాటాక తెలుగు పలచబడుతుంది. "పిలా పాయి గరమ పాణి", అంటే పిల్లాడికి వేడినీళ్లు, "ఖీర" అంటే పాలు. ఈ రెండు మాటలు వస్తే హోటల్లో ఎవరూ కాదనరు.

ఇప్పుడు గోపాల్‌పూర్ సముద్రం. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే మిగతావన్నీ పొరపాటైతే ఇబ్బంది, ఇక్కడ పొరపాటైతే వేరు. ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది, కెరటం దూరంగా విరగదు, వచ్చి కాళ్ల దగ్గరే విరుగుతుంది. పైకి వచ్చిన నీళ్లు వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింది ఇసుకని తవ్వేస్తాయి. మోకాళ్ల లోతు మీకు, పాపకి నడుము లోతు. మీరు నిలబడగలిగిన చోట పాప నిలబడలేదు, అంతే లెక్క. చెయ్యి పట్టుకోండి అంటే వేళ్లు కాదు, మణికట్టు. ఫోటో తీసేవాళ్లు వేరు, పిల్లని పట్టుకునేవాళ్లు వేరు. ఒక్క మనిషే రెండు పనులూ చేయకూడదు. గాలి నింపిన రబ్బరు రింగులు కొనకండి. అవి తేల్చవు, లోపలికి తీసుకుపోతాయి.

ఒడ్డున సాయంత్రం వల లాగుతున్నవాళ్లని అడగండి. ఒడియావాళ్లు వీళ్లని నోలియాలు అంటారు. మనవాళ్లే, వాడబలిజలు, జాలర్లు, తరాల కిందట మన తీరం నుంచి వచ్చి పూరీ దాకా ఊళ్లు కట్టుకున్నారు, ఇంట్లో తెలుగే. "అన్నా, ఇయ్యాల ఎక్కడ దిగొచ్చు?" అంటే, చెయ్యి చాచి చూపిస్తారు, లేదా "దిగొద్దు బాబూ" అంటారు. వద్దంటే అక్కడితో సరి, ఇసుకలో గూళ్లు కట్టుకోండి. ఎర్రజెండా ఉన్నప్పుడు కూడా అంతే. బాబుకి అసలు సముద్రం అక్కర్లేదు. బకెట్టులో కాసిని ఉప్పునీళ్లు, ఒక చెంబు ఇస్తే గంటసేపు ఆడతాడు. పది నుంచి మూడింటి దాకా ఎండలో ఒడ్డున ఉంచకండి, చలికాలమైనా ఇసుక మీంచి వేడి ముఖానికి కొడుతుంది.

మీ అమ్మగారికి మాత్రం పాత రేవు గోడలు, ఇసుకలో మిగిలిన స్తంభాలు చూపించండి. రంగం, అంటే రంగూన్, వెళ్లే ఓడలు ఎక్కింది ఇక్కడి నుంచే. ఉత్తరాంధ్రలో, గంజాంలో ఏ పాత ఇంట్లో అడిగినా రంగం వెళ్లినవాళ్లో, వెళ్లి తిరిగిరానివాళ్లో ఒకరు దొరుకుతారు. ఆవిడ చెప్పే కథ ఆ గోడల దగ్గర వింటే వేరుగా ఉంటుంది. లైట్‌హౌస్ కూడా ఉంది, మెట్లు పాపకి ఫర్వాలేదు, బాబుని ఎత్తుకుని ఎక్కొద్దు.

గది తీసుకునేటప్పుడు సముద్రం కనిపిస్తుందా అని కాదు, బాల్కనీ ఊచల మధ్య ఎంత ఖాళీ ఉందని చూడండి. మా చిన్నవాడికి రెండేళ్లప్పుడు ఒక లాడ్జిలో దిగాం. సముద్రానికి ఎదురుగా గది, చాలా బాగుంది. రాత్రి పది గంటలకి చూస్తే వాడి తల ఊచల మధ్య సరిగ్గా పట్టేసేంత ఖాళీ. బాల్కనీ తలుపుకి గడియ లేదు. మంచం లాగి తలుపుకి అడ్డం పెట్టి, దాని మీదే నేను పడుకున్నాను, నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి నేను కింది అంతస్తు గదే అడుగుతాను. ఇంకొకటి, సముద్రం పక్క బోరు నీళ్లు కొన్ని చోట్ల ఉప్పగా ఉంటాయి. పాలపొడి కలపడానికి, ఓఆర్‌ఎస్‌కి మంచినీళ్ల సీసా నీళ్లే వాడండి. లీటరు ప్యాకెట్టు మొత్తం ఒక లీటరులోనే కలపాలి, సగం ప్యాకెట్టు అరలీటరులో అని అంచనాగా కలపొద్దు. మిగిలింది మర్నాటికి ఉంచొద్దు.

రెండో రోజు రంభ. గోపాల్‌పూర్ నుంచి గంట, గంటంపావు. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నానికి గాలి లేస్తే చిలికా కూడా చిన్న సముద్రమే. పడవ ఎక్కే ముందు లైఫ్ జాకెట్ అడుగుతారు కదా, పిల్లల సైజు అడగండి. పెద్దవాళ్ల జాకెట్ బాబుకి వేస్తే నీళ్లలో జాకెట్ పైకి తేలుతుంది, బాబు కిందికి జారిపోతాడు. పిల్లల సైజు లేదంటే బాబు, నాయనమ్మ ఒడ్డున ఉండాలి, మీరు ముగ్గురు గంటలోపు తిరిగి రావాలి. డాల్ఫిన్లు చూపిస్తానని పాపకి ముందే మాటివ్వకండి. ఇరావడి డాల్ఫిన్లు కనిపించేది ఎక్కువగా అవతలి కొసన, సాతపడా దగ్గర. మాటిచ్చి చూపించకపోతే రాత్రి దాకా అదే పాట. ఇంకా ముందుకు బర్కుల్ దాకా వెళ్తే కాళీజాయి దీవికి పడవలుంటాయి. అత్తారింటికి వెళ్తూ తుపానులో పడవ మునిగి చనిపోయిన జాయి అనే పిల్లే అక్కడ దేవత అయిందని చెప్తారు. ఆ కథ ఒడ్డుకి వచ్చాక చెప్పండి, పడవలో వద్దు.

తాబేళ్ల గురించి కూడా అడిగారు. ఋషికుల్యా నది సముద్రంలో కలిసే చోట, గంజాం దగ్గర, ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిల్లో, రాత్రిపూట. ఏ రోజు వస్తాయో, అసలు ఆ ఏడాది గుంపుగా వస్తాయో లేదో ఎవరూ చెప్పలేరు. టార్చి, ఫ్లాష్, కేకలు అన్నీ నిషేధం. ఏడాదిన్నర బాబుని అర్ధరాత్రి ఇసుకలో కేక పెట్టకుండా కూర్చోబెట్టగలరా? పాపకి ఏడెనిమిదేళ్లు వచ్చాక తీసుకురండి. అప్పుడు అటవీ శాఖవాళ్లని అడిగి, వాళ్లు నిలబడమన్న చోట నిలబడి చూస్తే, గుడ్లు పెట్టి అలసిపోయి సముద్రంలోకి వెళ్తున్న తాబేలుని పాప జన్మలో మర్చిపోదు.

మూడో రోజు తిరుగు ప్రయాణం. పాప మొదటి రోజు వాంతులు చేసుకోకపోతే దిగపహండి, తప్తపాణి మీదుగా ఘాట్‌లో వెళ్లొచ్చు. తప్తపాణిలో ఆగండి, వేడినీళ్ల కుండం దగ్గర మాత్రం పిల్లల చెయ్యి వదలకండి. తర్వాత మోహన దాకా మలుపులే. బరంపురం నుంచి పొద్దున తొమ్మిదికల్లా బయలుదేరితే చీకటి పడకముందే పర్లాకిమిడి చేరతారు. పాప వాంతులు చేసుకుని ఉంటే మళ్లీ టెక్కలి దారే, అప్పుడు ఎండ మధ్యాహ్నం నుంచి ఎదురుగా, మీ ముందు అద్దంలోంచి కొడుతుంది, పాప సీటు దగ్గర కిటికీకి చిన్న తువ్వాలు కట్టండి. తేదీలు ఖాయమయ్యాక చెప్పండి, ఆ వారం గోపాల్‌పూర్‌లో గాలి ఎలా ఉందో చూసి చెప్తాను.